హార్ట్‌ముట్ బండి ఏట్లో దిగిన వైనం

వాన తెరిపి ఇచ్చాక ఆ సాయంత్రం అందరం మా గుడ్డ పందిరి కింద చేరాం. సెప్టెంబరు నెల. మోజెల్ ఏటి ఒడ్డున ద్రాక్ష కోతలు మొదలయ్యాయంటే కొత్త వైన్ వచ్చేస్తుంది, ఇంకా పులుస్తూ, మడ్డిగా, తియ్యతియ్యగా. ఆ సీసాకి మూత బిగించకూడదు, బిగిస్తే పేలుతుంది. హార్ట్‌ముట్ నోరు కూడా అంతేనంటాడు మా ఆయన డెట్లెఫ్.

హార్ట్‌ముట్ బోహుమ్ ఊళ్ళో ఉద్యోగమున్నన్నాళ్ళూ ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. ఏటా భార్య రెనాటెనీ, అత్తగారు ఎల్ఫ్రీడెనీ పడకా వంటా లోపలే ఉండే క్యాంపర్ వ్యాన్‌లో ఎక్కించుకుని జర్మనీ అంతా ఓ చుట్టు చుట్టి, చివరికి ఈ క్యాంపు మైదానంలో మా పక్క జాగాలో వచ్చి ఆగుతాడు. పెద్దావిడకి ఎనభై దాటాయి. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, మడత కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉంటుంది. పడుకుందనుకుంటాం.

ఆ రోజు కొత్తగా ఒక జంట వచ్చారు. మాల్టె, స్వెన్యా. అద్దెకి తీసుకున్న బండి, లోపల నిద్రపోతున్న చిన్న పాప. దక్షిణాన పెద్ద సరస్సు దగ్గర బయల్దేరి ఉత్తరాన సముద్రం దాకా వెళ్ళాలని వాళ్ళ ఉబలాటం. సగం దారిలోనే అన్నీ అయ్యాయి. అడవి కొండల మలుపుల్లో పాప పరుపంతా కక్కేసింది. ఏదో ఊళ్ళో పాత కోట గుమ్మం కింద దూరబోతే బండి కప్పు గీసుకుపోయింది. ఇద్దరూ చెరో కుర్చీలో, మొహాలు చెరోపక్క పెట్టుకుని కూర్చున్నారు.

"రేపు ఇంటికెళ్ళిపోతాం. ఇక నావల్ల కాదు," అంది స్వెన్యా. "పైగా మాకిచ్చిన జాగా ఏటివైపు వాలుగా ఉంది. అందరం పడుకున్నాక బండి జారితే?"

అంతే. హార్ట్‌ముట్ గ్లాసు కింద పెట్టాడు. రెనాటె ఆకాశంకేసి చూసింది.

"వాలా? వాలు గురించి నన్నడుగమ్మాయ్! సరిగ్గా ఆ జాగాలోనే మా బండి జారింది, తెలుసా? ఇదిగో, ఈవిడే సాక్షి, మా అత్తగారు. పాపం మా మామగారు కాలం చేసిన ఏడాది, ఒక్కతీ ఇంట్లో ఎందుకని మొదటిసారి వెంట తీసుకొచ్చాం. రెనాటె కొట్టుకెళ్ళింది, నేను మంచినీళ్ళు పట్టుకొద్దామని వెళ్ళాను, ఈవిడ బండిలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఉన్నట్టుండి ఠంగుమని చప్పుడు! వెనక్కి తిరిగి చూద్దును కదా, హ్యాండ్ బ్రేకు తీగ తెగింది, బండి ఏట్లోకి పోతోంది. ఇంకొకడైతే కేకలు పెట్టేవాడు. నేను పెట్టలేదు. నీళ్ళ క్యాను అక్కడే పడేసి, ఒక్క గెంతు గెంతి బండి కప్పు మీదకెక్కి, గాలి కిటికీలోంచి లోపలికి దూరాను."

"నువ్వా? ఆ కిటికీలోంచా?" మా ఆయన హార్ట్‌ముట్ పొట్ట వంక చూశాడు.

"అప్పట్లో సన్నగా ఉండేవాణ్ణి లేవోయ్. దూరి స్టీరింగ్ పట్టుకున్నాను..."

"పట్టాల మీద ట్రామ్ నడిపేవాడివి, స్టీరింగ్ ఎటు తిప్పాలో నీకేం తెలుసు?"

"తెలీదు కాబట్టే తిప్పలేదు! తిప్పుంటే పల్టీ కొట్టేది. తిన్నగా పోనిచ్చాను, తిన్నగా ఏట్లోకి. దబ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మునగలేదు. ఎందుకు మునుగుతుంది, సందులన్నీ నేనే స్వయంగా లప్పం పెట్టి మూశానుగా. బాతులాగా తేలింది. ఆ నీటి వాలుకి మెల్లగా సాగిపోతున్నాం, అటూ ఇటూ ద్రాక్ష తోటలు, కోతకొచ్చినవాళ్ళు టోపీలు తీసి ఊపుతున్నారు. మా అత్తగారు తలెత్తి చూసి, 'ఈ రోడ్డు బాగుంది హార్ట్‌ముట్, కుదుపుల్లేవు,' అని మళ్ళీ చెక్కు తీసుకుంటోంది."

స్వెన్యా పెదవులు కొంచెం కదిలాయి. మాల్టె అది చూసి కుర్చీ ఇటు జరుపుకున్నాడు.

"గాలి కూడా మనవైపే ఉంది కదా అని పక్కనున్న గుడ్డ పందిరి విప్పి తెరచాపలా కట్టేశాను. ఇక చూసుకో! అంతలో లాకులొచ్చాయి. తలుపులు మూసున్నాయి. లాకుల ఆఫీసరు మైకులో అరుస్తున్నాడు, 'ఓడ పేరేంటీ?' అని. ఏం చెప్పను? 'ఎల్ఫ్రీడె!' అన్నాను. 'సరుకేంటీ?' 'బంగాళాదుంపలు!' 'సరే, రా,' అన్నాడు. రెండు బొగ్గు పడవల మధ్య మమ్మల్ని పెట్టి నీళ్ళు దించాడు."

"పోనీ ఆఫీసరుకి చక్రాలు కనపడలేదా?" అన్నాను నేను.

"నీళ్ళ కింద ఉన్నాయిగా వదినా! కాస్త నన్ను చెప్పనివ్వు. లాకులు దాటాక ఓ టూరిస్టుల ఓడ ఎదురైంది, మూడంతస్తులది. పైనుంచి ఒకటే ఫోటోలు. ఆ ఓడ వంటవాడు దిగాలుగా నించున్నాడు, బంగాళాదుంపలు అయిపోయాయట, టూరిస్టులు తిరగబడుతున్నారట. అత్తగారికి జాలేసింది. అప్పటికప్పుడు దుంపలు తురిమి, అట్లు వేసి, కిటికీలోంచి విసరడం మొదలెట్టింది. ఒక్కో అట్టూ గిర్రున తిరుగుతూ పోయి సరిగ్గా వాళ్ళ పళ్ళెంలో పడుతోంది, ఆపిల్ గుజ్జుతో సహా! ఆ వాసనకి సగం ఓడ మా బండిలోకి దూకేసింది. సర్దుకోండి బాబూ, సర్దుకోండి అంటున్నా. ట్రామ్‌లో ఎన్ని సార్లు అన్నానో ఆ మాట! మంచం మీద ఒక పెళ్ళివారి గుంపు, అలమార్లో ఒక పాదిరిగారు..."

"స్నానాల గదిలో?" అన్నాడు మాల్టె. వాడి గొంతు అందాకా మేం వినలేదు.

"బ్యాండు మేళం! భలే అడిగావు. బాకావాడు మాత్రం తలుపు తీసి ఊదాల్సొచ్చింది. అలా కోబ్లెంజ్ చేరాం. అక్కడ మన ఏరు పోయి రైన్ నదిలో కలిసే మొన మీద చక్రవర్తి విగ్రహం ఉందా, గుర్రం మీద? మలుపు ఇరుకు, మా తెరచాప వెడల్పు. తగిలేస్తుందనుకున్నా. ఆ గుర్రం మమ్మల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది."

"హార్ట్‌ముట్, అది కంచు గుర్రం," అన్నాడు మా ఆయన.

"కంచుదే! అందుకే అంత చప్పుడైంది."

స్వెన్యా నోట్లో ఉన్న వైన్ ముక్కులోంచి వచ్చింది. మాల్టె ఆవిడ వీపు తట్టాడు. ఆవిడ తట్టనిచ్చింది. హార్ట్‌ముట్ అది ఓరకంట చూసి, ఉల్లిపాయ రొట్టె ముక్కొకటి నోట్లో కుక్కుకుని, ఇంకాస్త ముందుకు వంగాడు.

"అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఏడు ఎండలకి రైన్ అడుగంటిపోయింది. ఓడలన్నీ ఇసకలో కూరుకుపోయి, కెప్టెన్లు దిగి పేకాడుకుంటున్నారు. మాకూ దారి లేదు. ఏం చేద్దామా అని నేను తల పట్టుకుని కూర్చుంటే, మా అత్తగారు దుంపలు కడిగిన నీళ్ళ గిన్నె తీసుకుని, కిటికీ తెరిచి, పారబోసింది. అంతే. రైన్ జానెడు లేచింది."

"జానెడే?" అంది రెనాటె. ఆవిడ అల్లిక సూదులు అందాకా ఆగలేదు.

"పైకి జానెడు. బాన్ దగ్గరకొచ్చేసరికి బారెడు. అక్కడి జనం సోఫాలు మేడ మీదికి మోసుకుపోతున్నారు. ఓడలన్నీ ఒక్కసారి లేచి కూతలు పెట్టాయి. కెప్టెన్లందరూ వరసగా మాకు తాళ్ళు విసిరారు, ముందు నువ్వు పద, నీ వెనకే మేం అన్నారు. మా వ్యాను ముందూ, వెనక ఓడల బారూ. రెండో గేరులో లాగాను మొత్తాన్ని! కొలోన్‌లో పెద్ద చర్చి గంటలన్నీ వాటంతటవే మోగాయి. అవి విని ఊరంతా చలికాలపు కార్నివాల్ వచ్చేసిందనుకుని సెప్టెంబరులోనే వేషాలు కట్టేశారు. మా బండి చూడ్డానికి పక్కూరు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి కూడా జనం వచ్చారు. కొలోన్ వాళ్ళూ, డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళూ వంతెన మీద ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని, ఒకే గ్లాసులో బీరు పంచుకుని..."

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన పుట్టింది డ్యూసెల్‌డార్ఫ్‌లో. ఆ రెండూళ్ళకీ తరతరాల పోటీ, ఒకళ్ళ బీరు ఒకళ్ళు ముట్టరు.

"ఇదిగో హార్ట్‌ముట్, గుర్రం వెనక్కి నడిచిందన్నావు, ఊరుకున్నాను. గిన్నెడు నీళ్ళకి ఏరు పొంగిందన్నావు, సరేలే అనుకున్నాను. కానీ మేం వెళ్ళి కొలోన్ వాళ్ళ బీరు తాగామంటే మాత్రం ఊరుకోను. అబద్ధానికైనా ఓ హద్దుండాలి."

"అబద్ధమా? అడుగు, ఇదిగో ఈవిణ్ణే అడుగు! బండిలో ఉంది కదా ఆవిడ!"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నిద్రపోతోందనే వాడి ధైర్యం.

"తీగ తెగలేదు," అంది ఎల్ఫ్రీడె గారు కళ్ళు తెరవకుండానే.

పందిరి కింద అందరం ఆమె వైపు తిరిగాం.

"బ్రేకు వేయడం మర్చిపోయాడు. బండి కదిలింది. నేను కత్తి పక్కన పెట్టి, లేచి ముందుకెళ్ళి, బ్రేకు లాగాను. ఆగింది. మళ్ళీ వచ్చి చెక్కు తీసుకున్నాను."

"మరి ఏట్లో...?" అన్నాడు మాల్టె.

"చక్రం కూడా తడవలేదు బాబూ."

మా ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. హార్ట్‌ముట్ మొహం ద్రాక్షపండులా అయింది. "అత్తగారూ, ఇంజన్ చప్పుడులో మీకు సరిగ్గా తెలిసుండదు..."

"ఇంజన్ ఆపేసుంది." ఆవిడ ఇప్పుడు కళ్ళు తెరిచింది. "నాకు బాగా తెలిసింది ఒకటుంది. ఈ మనిషి మా అమ్మాయితో పెళ్ళయిన నాటి నుంచీ నన్ను ఎల్ఫ్రీడె గారూ, ఎల్ఫ్రీడె గారూ అనేవాడు, ఆఫీసులో పిలిచినట్టు. మా ఆయన పోయాక వీళ్ళతో వస్తూ, వీళ్ళకి బరువైపోయానేమో అనుకుంటూనే వచ్చాను. ఆ రోజు కిటికీలోంచి చూస్తే, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, కంకర మీద పడుతూ లేస్తూ బండి పక్కన పరిగెత్తుకొస్తున్నాడు. అద్దం పట్టుకు వేలాడుతూ, 'అమ్మా! అమ్మా! ఆగమ్మా!' అని ఏడుపు. ఆగాల్సింది బండి, నన్ను ఆగమంటాడు!"

రెనాటె అల్లిక ఒళ్ళో పెట్టేసి మొగుడి వైపు చూసింది. ఈ ముక్క ఆవిడకీ కొత్తదే అని నాకర్థమైంది. హార్ట్‌ముట్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయనే తన సీసా తీసి వాడి గ్లాసు నింపాడు.

"మోకాలు చీరుకుపోయింది కూడా," అన్నాడు హార్ట్‌ముట్ చివరికి, చిన్న గొంతుతో. "అది నిజం."

"అది నిజమే," అంది పెద్దావిడ.

వాళ్ళ బండిలో పాప లేచిన అలికిడైంది. మాల్టె లేవబోతుంటే స్వెన్యా వాడి చెయ్యి పట్టుకుని తనూ లేచింది. "రేపు తొందరగా బయల్దేరాలి," అంది.

"ఇంటికేగా?" అన్నాడు మాల్టె జాగ్రత్తగా.

"ఉత్తరానికి. ముందు వెళ్ళి ఆ బ్రేకు చూడు, వేశావో లేదో."

వాళ్ళిద్దరూ తడి గడ్డిలో అటు నడిచారు. హార్ట్‌ముట్ ఇంకా తలెత్తలేదు. ఎల్ఫ్రీడె గారు దుప్పటి సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"ఊఁ, కానియ్యి మరి. కొలోన్ దగ్గర ఆపేశావు. ఇంతదూరం తీసుకొచ్చి నాకు సముద్రం చూపించవా ఏం? పోనియ్యి బండి."