ఇండికేటరు చూసి మలుపు తిరిగిన మేఘం

పెద్దల్లుడి మాటలు కోటలు దాటుతాయనీ, కాళ్లు గడప దాటవనీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ సాయంత్రం వరండాలో అతను గొంతు సవరించుకున్నది ఊరికే కాదు. మామగారి పాత కారు మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది. రోజూ రెండు బస్సులు మారి, ఎవరెవరి మోచేతి పోట్లో తింటూ ఆఫీసుకి వెళ్లే మనిషి, ఆశ ఉండదా మరి! "ఇవాళ నడిపి చూడండి అల్లుడుగారూ. మీ చేతికి లొంగితే మీకే. లేదంటే రేపు పొద్దున కొనేవాడొస్తున్నాడు, ఇచ్చేస్తాను" అని ఆ పొద్దున్నే అన్నారు మామగారు.

ఆ మాట మీద పెద్దల్లుడూ, అతని భార్యా ఆ కారులో పిన్నిగారింటికి వెళ్లి ఇప్పుడే తిరిగొచ్చారు. తాళం మళ్లీ మామగారి జేబులోకి చేరింది. పెద్దల్లుడి చూపు ఆ జేబు మీదే ఉంది. అతని భార్య ఓ మూల కుర్చీలో కూర్చుని వేణ్ణీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుంది. ఏమైందమ్మా అని తండ్రి అడిగితే, "కొత్త చెప్పులు కరిచాయి లెండి" అని అతనే జవాబు చెప్పేశాడు.

"ఇంతకీ కారు ఇబ్బందేం పెట్టలేదు కదా?"

"అబ్బే, చెప్పుకోవాల్సినంత సంగతేం కాదు మామయ్యగారూ. సగం దారిలో ఇంజను వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది. ఇంకొకడైతే బెంబేలెత్తిపోయేవాడు. నేను హీటరు పెట్టాను."

"ఈ ఎండల్లోనా బావా?" అన్నాడు బావమరిది.

"అదే కిటుకు! ఇంజనులో వేడంతా లోపలికి లాగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిన్నిగారిచ్చిన గుడ్లు నా ఒళ్లోనే ఉడికిపోయాయి. స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పెంకు ఒలుచుకుని తిన్నాను. ఉప్పొక్కటే తక్కువ!"

"అక్కకి పెట్టలేదా?"

"మీ అక్క వెనక సీట్లో హాయిగా నిద్రపోతోంది."

బకెట్లో నీళ్లు ఒక్కసారి చిందాయి. అతను గమనించలేదు. మామగారి చెయ్యి జేబు వైపు వెళ్లడం మాత్రం గమనించాడు, దాంతో ఇంకాస్త ఊపొచ్చింది.

"ఇంతలో బోనెట్లోంచి ఆవిరి. మామూలు ఆవిరా అది! పెట్రోలు ఆపేశాను, కారు ఆవిరి మీదే పరుగెత్తింది. పక్క పట్టాల మీద రైలు మనతో పందెం పెట్టుకుని, ఓడిపోయి, సిగ్గుతో స్టేషను లేనిచోట ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిరంతా పైకెళ్లి మేఘమైంది. అది మనల్ని వదల్లేదు. నేను ఎడమకి తిరిగితే ఎడమకి, కుడికి తిరిగితే కుడికి!"

"దానికెలా తెలిసింది బావా?"

"ఇండికేటరు వేశాను కదయ్యా! చివరికి రేడియేటరు మూత తీసి, 'ఇక కురువు' అన్నాను. నిండేదాకా కురిసింది, బొట్టు బయట పడలేదు. ఎర్ర లైటు ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాకు తెలుసు" అంది అతని భార్య.

వరండా అంతా ఆమె వైపు తిరిగింది.

"లైటు వెలగ్గానే ఆపమన్నాను. ఈయన నా కళ్లజోడు పెట్టెకి చుట్టిన నల్ల టేపు పీకి, ఆ లైటు మీద అంటించి, 'ఇక బెంగ లేదు' అన్నారు. కారు ఎత్తు మీద ఆగిపోయింది. దాన్ని రోడ్డు పక్కకి తోసింది నేను. స్టీరింగు పట్టుకుని 'ఇంకాస్త గట్టిగా' అన్నది ఈయన. ఇంజను చల్లారాక నీళ్లు పోసి పుణ్యం కట్టుకున్నది పాలవ్యాను డ్రైవరు. తోసినందుకు కాదు నాన్నా నా బాధ. నిద్రపోయానన్నారు చూడు, అదీ!"

బావమరిది గబగబా కారు దగ్గరికి వెళ్లి, వేలికి నల్ల టేపు అంటించుకుని వచ్చాడు. పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా ఆ టేపు వంక చూశాడు. రెండు బస్సులూ కళ్లముందు మెదిలాయి.

మామగారు తాళం తీసి కూతురి చేతిలో పెట్టారు. "కారు అమ్మనమ్మా. నువ్వు నడుపు. మీ ఆయన్ని ఆఫీసు దగ్గర దింపు."

"దింపుతాను. ఆగితే తోసేది మాత్రం ఆయనే."

పెద్దల్లుడు మెల్లగా లేచాడు. నిజంగానే సిగ్గేసింది. బకెట్లో వేలు ముంచి చూసి, "చల్లారిపోయాయే, వేణ్ణీళ్లు తెస్తానుండు" అంటూ లోపలికెళ్లాడు. ఆమెకి కోపం సగం దిగింది.

కాసేపటికి వంటింట్లోంచి అతని గొంతు వినిపించింది.

"నీళ్లు కాచడం అంటే గుర్తొచ్చింది అత్తయ్యగారూ, ఒకసారి నేను పొయ్యి లేకుండానే... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"