తెరల మోటారు

మొగిలయ్యను ఎందుకు కూసోబెట్టిండ్రు బావగారూ, పొద్దటి సంది మన దుకాణం అరుగు మీద? ఠాణాకు పంపుతనని బెదిరిస్తాండ్రట. ఆయన డ్రైవరు, దొంగ గాదు. మోటారు బండిని ఎవ్వరూ ఎత్తుకపోలే. నేనే అమ్మిన.

గట్ల మొఖం తిప్పుకోకుండ్రి. అవు, ఇరవై రెండేండ్ల సంది తలుపు ఎనుక నుంచే మాట్లాడిన. మీ ముంగట నిలవడుడు ఇదే మొదలు. మీరు గోడ దిక్కు చూసినా నాకేం ఫికర్ లేదు, చెవులు నా దిక్కే ఉన్నయి గదా. వినుండ్రి.

ఏమంటిరి, ఎట్ల అమ్ముతవా? దస్కత్ పెట్టి అమ్మిన. బండి నా పేరు మీద ఉంది. నేను పెట్టుమన్ననా? పంపకాలప్పుడు మీ చిన్నాయన కొడుకులకు పాలు పోవద్దని మీరే గదా రాయించిండ్రు. "సుగుణ పేరు మీద పెడితె ఎవ్వరి పేరు మీద లేనట్టే" అని మీ తమ్మునితోని నవ్వుకుంట అన్నరు. నేనప్పుడు వంటింట్ల పోపు ఏస్తున్న. అంతా ఇనవడ్డది.

ములుగు కంట్రాక్టరుకు బండి అమ్ముతనని మాట ఇచ్చిన, నా ఇజ్జత్ పోతదంటరు. మాట ఇచ్చేముందు నన్ను అడిగిండ్రా మరి? అక్కతోని, మీ ఇంటామెతోనే, లోపలికి కాయిదం పంపి, గీత గీసిన కాడ దస్కత్ పెట్టుమన్నరు. ఆ కాయిదం పొయ్యిల ఏసిన.

పోయిన మాఘమాసం యాదికుందా మీకు? ఉండది. నాకుంది.

మడికొండ నుంచి మనిషొచ్చిండు. నన్ను కన్న మా అవ్వకు మాట పడిపోయింది, ఊపిరాడుతాంది, జల్ది రమ్మన్నడు. షెడ్డుల బండి ఉంది. మొగిలయ్య ఉన్నడు. అద్దాలకు తెరలు సుత ఉతికి కట్టి ఉన్నయి. లేనిదల్లా ముంగటి సీట్ల కూసునే మగోడు. ఈ ఇంటి ఆడోళ్ళు బయటికెళ్తే ఎనుక తెరలు మూసుకోవాలె, ముంగట డ్రైవరు పక్కన ఇంటి మగోడు ఉండాలె. మీ తమ్ముడు పోయి అప్పటికే ఏడాది దాటె. మీరేమో నూలు బేళ్ళ కోసం హైదరాబాద్ పోయిండ్రు. రిక్షాల పోతనంటె అక్క గడపకు అడ్డం నిలవడ్డది.

మీకు ట్రంకాల్ చేయిస్తిమి. "నేను వచ్చేదాక ఆగుమను" అన్నరు.

ఆగిన. రెండు దినాలు ఆగిన. మీరొచ్చిండ్రు, కాళ్ళు కడుక్కున్నరు, అన్నం తిన్నరు, జరసేపు పండుకున్నరు. అప్పుడు బయలెల్లినం. మేం పోయేసరికి ఆడ పాడె కడుతున్నరు.

ఆ దినం మిమ్ముల ఒక్క మాటన్ననా? అనలే. తెరలు మూసుకొని ఎట్ల పోయిన్నో అట్లనే వచ్చిన.

ఇగ ఎవరికి అమ్మిన్నంటె, మడికొండ గట్టయ్యకు. టాక్సీ తిప్పుతడట. మీ కంట్రాక్టరు కంటె తక్కువనే ఇచ్చిండు, అయితేంది? ఒక్క షరతు పెట్టిన. ఏ ఆడామె దవాఖానకు పోవాల్నన్నా, ముంగట కూసునే మగోడేడి అని అడుగొద్దన్న. "నేనెందుకు అడుగుతనమ్మా" అన్నడు. అంతే, పని అయిపోయింది. నవ్వుతారా? నవ్వుండ్రి.

బండి గేటెట్ల దాటిందని గదా మీ అనుమానం. మొగిలయ్య నిన్న ఊర్లనే లేడు, చుట్టాల పెండ్లికి పోయిండు. అదే చెప్తాంటె మీరు నమ్ముతలేరు. ఈ ఇంట్ల మోటారు నడిపెటోళ్ళు ఇంకెవ్వరున్నరు అంటరు.

నేనున్న.

ఇరవై రెండేండ్లు తెర ఎనుక కూసున్న బావగారూ. నేను ఈ ఇంటికొచ్చిన ఏడే ఆ మారిస్ బండి వచ్చింది. అందుల కూసుంటె రోడ్డు అవుపడది, మనుషులు అవుపడరు. రెండు తెరల నడుమ బెత్తెడు సందు ఉంటది. అందుల నుంచి మొగిలయ్య కాళ్ళు, గేరు మీది చెయ్యి, అవే అవుపడేటియి. వేరే చూడనీకి ఏమున్నది? అవే చూసిన. ఏ కాలు ఎప్పుడు తొక్కుతడో, ఏ చెయ్యి ఎటు గుంజుతడో అంతా వచ్చేసింది.

మీ తమ్ముడు పోయినంక, మీరు హైదరాబాద్ పోయినప్పుడల్లా వాకిట్ల నడిపిన, ముంగటికి ఇంత, ఎనుకకు ఇంత. మొగిలయ్య వద్దమ్మా వద్దమ్మా అనుకుంట గోడ దిక్కు తిరిగి కూసునేటోడు. మీరు అడిగితె నేనేం చూడలే అని చెప్పెటందుకట. గిప్పుడు మీరు కూసున్నట్టే. తులసి గద్దె అంచు పగిలింది గదా, ఆవు పొడిచిందని చెప్పిన. ఆవు గాదు.

నిన్న మధ్యాన్నం తెరలన్ని ఊడవీకిన. ఇగో, ఈ మూటల ఉన్నయి, ఉంచుకోండ్రి. నా అంతల నేను నడుపుకుంట పోయిన. కాజీపేట కాడ రైలు గేటు పడితె ఆగిన. లారోడు ఒకడు దిగొచ్చి మరీ చూసిండు. చూడనిచ్చిన. నేను సుత అన్నీ చూసిన. ఆ తొవ్వల అన్ని చింతచెట్లున్నయని నాకు నిన్నటిదాక తెల్వదు.

మా అవ్వ ఇంటికాడ ఆపి గడియారం చూసుకున్న. ముప్పావుగంట. గేటు కాడ ఆగింది కలుపుకుంటెనే ముప్పావుగంట.

ఇన్ని దినాలు తప్పంతా మీదే అనుకున్న. మీ మీద మన్నెత్తి పోసుకుంట బతికిన. నిన్న ఆ తాళమేసిన తలుపు ముంగట కూసున్నంక తెలిసింది. మాఘమాసం నాటికే నాకు నడుపుడు వచ్చు. బండి తాళంచెవి ఆ రెండు దినాలు నా నడుముకే ఉన్నది. అక్కను పక్కకు నూకుడు ఎంత పని? ఆగుమన్నది మీరు. ఆగింది నేను.

ఇగ మొగిలయ్యను ఇంటికి పంపుండ్రి. పొద్దటి సంది ఏం తినలేదట.