మాత్ర వేసుకోని మధ్యాహ్నం

"రూట్ కెనాల్ చేయించుకున్నాక నొప్పి తప్పదంటారే, ఆ మాటకు ఆధారమేమిటి? ఒకరు చెప్పారు, ఇంకొకరు విన్నారు, అంతే. నేను చెప్పేది విన్నది కాదు, నా నోట్లో జరిగింది," అన్నాడు లేత్ మేస్త్రీ, షెడ్డు ఎదుటి టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని.

ఎదురుగా ఉన్న వెల్డరు పంటి డాక్టరు దగ్గరి నుంచి వచ్చి గంటయింది. చెంప ఇంకా మొద్దుబారే ఉంది. కింది పెదవి తనది కానట్టు వేలాడుతోంది. మత్తు దిగకముందే వేసుకోమని డాక్టరిచ్చిన మాత్ర అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. సాయంత్రంలోగా బడి గేటు అతికి పంపాలి. నొప్పితో చెయ్యి వణికితే అతుకు నిలవదు.

"అది జేబులో పెట్టు తమ్ముడూ. నేనైతే వేసుకోలేదు. ఏమీ కాలేదు. ఇంటికెళ్లి పడుకోమన్నారు, నేను నేరుగా షెడ్డుకొచ్చి పని మొదలెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్పానర్ కనబడలేదు. వెతుక్కుంటూ కూర్చుంటామా? బోల్టు ఆ పంటితోనే బిగించాను. నేటికీ వదులు కాలేదు, కావాలంటే చూసుకోండి."

"ఏదీ, ఏ బోల్టు?" అన్నాడు టీకొట్టాయన.

"ఆ మిషన్ అమ్మేశాంలే. అసలు సంగతి వినండి. అంతలో ఇనుప చువ్వల లారీ బురదలో దిగబడింది. డ్రైవరు చేతులెత్తేశాడు. తాడు ఒక కొస బంపరుకు కట్టి, రెండో కొస ఆ పంటికింద పెట్టుకుని నిదానంగా వెనక్కి నడిచాను. లారీ వచ్చింది. దాంతోపాటు రోడ్డు కూడా కొంచెం వచ్చింది. సర్వే వాళ్లు మళ్లీ కొలుచుకోవాల్సి వచ్చింది, పాపం."

"మరి నొప్పి?" వెల్డరు మాట ముద్దగా వచ్చింది.

"దానికి నా దగ్గరేం పని? డాక్టరే బతిమాలాడు, అయ్యా, రోజూ ఓ గంట మా వరండాలో కూర్చోండి, మిమ్మల్ని చూస్తేనే జనానికి నొప్పులు పోతున్నాయి అని. కూర్చున్నాను. మూడో రోజుకు మందుల షాపు మూతపడింది. నాలుగో రోజుకు పిల్లలకు పాలపళ్లు ఊడటం కూడా ఆగిపోయింది. తల్లులొచ్చి మొత్తుకుంటే నేనే మానుకున్నాను."

వెల్డరు చెయ్యి మెల్లగా జేబు వైపు వెళ్లింది.

బల్ల చివర ఇంతసేపూ టీ ఊదుకుంటున్న మేస్త్రీ బావమరిది గ్లాసు దించి, నీళ్ల చెంబు వెల్డరు ముందుకు జరిపాడు.

"వేసుకో అన్నా. మత్తు దిగేదాకా ఎవరికైనా అలాగే అనిపిస్తుంది."

"నువ్వు చూశావుట్రా?" అన్నాడు మేస్త్రీ.

"స్కూటరు నడిపింది నేనే కదా బావా."

వెల్డరు మాత్ర మింగేదాకా ఆగి, అతను తాపీగా చెప్పాడు.

"2019 జూన్ పన్నెండు, బుధవారం. పొద్దున పదకొండుకు చేయించుకున్నావు, మాత్ర వద్దన్నావు. రెండింటికి మత్తు దిగింది. డాక్టరు భోజనానికి వెళ్లాడు. మూడూ పదికి ఆయన వేసిన తలుపుకే చెంప ఆనించి, మా అక్కకు ఫోన్ చేసి ఏడ్చావు."