చూరు కింద చిలకలు

రెండేళ్ళకి బర్మాలోని రంగం నుంచి వచ్చి ఓడ దిగిన కళాసీ, క్షేమంగా వచ్చిన మొక్కు తీర్చుకుందామని అటక మీది వరికంకులు కుచ్చుగా అల్లి, పిట్టల కోసం చూరుకి కట్టాడు. అవి విత్తనానికని అతని భార్య ఒక్కొక్కటే ఏరి దాచుకున్న కంకులు.

"కట్టేముందు నన్నొక్క మాట అడక్కూడదటండీ? ఎల్లుండేగా నారు పోసేది."

"పిచ్చుకలు ఎన్ని తింటాయిలే అనుకున్నానే."

"వచ్చినవి పిచ్చుకలు కాదండి, ఎర్రతల చిన్న చిలకలు. గుప్పెడు లేవు గానీ పొద్దెక్కేసరికి కుచ్చంతా దులిపేసేయి."

"చిలకదేముంది! చీనా కొండల్లో నలుపూ తెలుపూ ఎలుగుబంటి ఉందిట. రంగంలో ఓ చీనా వర్తకుడు చెప్పేడు. గేదె దూడంత ఒళ్ళుట. పొద్దస్తమానం కూచుని వెదురు నమలడమేట."

"ఇంకో పని లేదాండీ?"

"లేదుట."

"ఆయ్."

ఆమె అతని బుగ్గన ఉన్న తాంబూలం వంక చూసింది.

"నువ్వలా చూడకు. ఇప్పుడు విత్తనానికి ఏం దారి?"

"వచ్చింది మీ ఎలుగుబంటి కాదు, బతికిపోయాం. అదైతే కాడతో సహా మింగేది. చిలక ఒక గింజ తిని పది కింద పారేస్తుంది."

"అయితే?"

ఆమె చేట తెచ్చి అతని ముందు పెట్టింది.

"చూరు కిందంతా వడ్లేనండి, ఏరండి. కూచుని చేసే పనేలెండి."