బయటి గడియ

తిరువూరులో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో, గోడలోకి జరిగే పడకగది తలుపును వడ్రంగి ఊడదీసి హాల్లో పడుకోబెట్టాడు. వ్యాపారి భార్య వచ్చి పక్కన నిలబడింది.

“కింద చక్రం విరిగి ఇరుక్కుపోయిందమ్మా. కొత్తది వేశాను. ఇక చిటికెన వేలితో నెట్టినా జరుగుతుంది.”

“లోపలి గడియ ఏది ఆచారీ?”

“అయ్యగారు తీసెయ్యమన్నారమ్మా. బయటవైపు బిగించమన్నారు.”

“లోపల పడుకునేది నేను కదా.”

“నేనూ అదే అడిగాను. రేపట్నుంచి మీకు ఒంట్లో బాగుండదన్నారు.”

“నాకేం జబ్బు లేదే.”

“మతి చలించిందని చెప్పారమ్మా. డాక్టర్ని తీసుకురావడానికే బెజవాడ వెళ్లారంట. కిటికీకి కూడా మేకులు కొట్టమన్నారు.”



“మా నాన్న ఇచ్చిన మామిడితోట అమ్మడానికి నేను ఒప్పుకోలేదు. అదీ నా జబ్బు. వినగడప బస్సు ఉందా ఇప్పుడు? మా అన్నయ్య అక్కడే ఉంటాడు.”

“ఉందమ్మా. అయ్యగారు సాయంత్రానికి గానీ రారు.”

“అయితే నేను వెళ్లాక తలుపు బిగించి, బయట గడియ పెట్టు. ఆయనొచ్చి అడిగితే లోపల నిద్రపోతున్నానని చెప్పు.”

“తీసి చూస్తారు కదమ్మా.”

“చూడనీ. ఖాళీ గదికి బయట గడియ వేయించిన మనిషిని ఆ డాక్టరూ చూడనీ.”