పెద్ద గంగాళం నిండా అనపగింజలు

అన్నదమ్ములు వేరు పడి నెల తిరగలేదు. చిన్నకోడలు పిడక పట్టుకుని పాత వంటింటి గడపలో నిలబడింది. లోపల పెద్దకోడలు గంగాళంలో నానిన అనపగింజలు పితికి తొక్క తీస్తూ ఉంది.

"అక్కా, ఇంత నిప్పు ఇస్తావా? యుద్ధమంట, పుంగనూరు సంతలో అగ్గిపెట్టే దొరకలేదు."

"పొయ్యిలో ఉండాది, తీసుకో."

చిన్నకోడలు లోపలికొచ్చి పిడక అంటించుకుని గంగాళం వైపు చూసింది.

"అన్ని గింజలు నానబోసినావే! సుట్టాలు వస్తాండారా?"

"ఎవురూ రారు. ఎప్పటి మాదిరే అందరికీ పోసేసినా. రెండిళ్లయిందని గింజలు ఉబ్బినాక మతికొచ్చింది."

"పితికేకి ఒక్కదాని చేత యాడ అవుతాది?"

"వేరు పోదామన్నది నేనా?"

చిన్నకోడలు పిడక కింద పెట్టి, గంగాళానికి అవతలి పక్క కూర్చుని పిడికెడు గింజలు తీసుకుంది. కాసేపు ఇద్దరూ పితికారు.

"తొక్కలు తట్టలో ఎయ్యి, ఆవుకు పెడదాము."

"సరే అక్కా. పిడక నిప్పు ఆరిపోతాదేమో..."

"ఆరిపోనీ. ఈపొద్దు మీ పొయ్యి ఎలిగించబాకు."