ఐదో పీరియడ్ల సుమేరా యాడుంది?

చార్టు మడతపెట్టమంటరేంది సార్? మీ టేబుల్ మీద పరవమన్నది మీరే గదా!

రేపు తనిఖీకి జిల్లా ఆఫీసు పెద్దసారు వస్తున్నరు, నాకెరుకే. పిల్లలు ప్రాజెక్టులు చేస్తున్నరా లేదా అని సూడనీకెనే వస్తున్నరు. చేసిన్రు. ఇగో. చేసినంక వద్దంటే ఎట్ల?

'జర కూసోండి స్రవంతి మేడం' అనకండి. నిలబడే మాట్లాడుత.

అసలు ఈ ముచ్చట ఎవరు తెచ్చిన్రు? శామీర్‌పేటల మూడు దినాల ట్రైనింగుకు నన్ను తోలింది మీరే. హెడ్మాస్టరు మాట కాదంటనా? పోయిన. పిల్లలే ప్రశ్న వెతుక్కోవాలె, జవాబు గూడ వాళ్లే వెతుక్కోవాలె అని అక్కడ చెప్పిన్రు. వచ్చి ఎనిమిదో తరగతికి అదే చెప్పిన.

ఎంత పరేషాన్ జేసిన్రో మీకేమెరుక! ప్రశ్న అడుగుండ్రి అంటే ఒక్కరు నోరు తెరువరు. అన్వేష్ లేసి, 'ప్రశ్న, జవాబు రెండూ బోర్డు మీద రాయుండ్రి టీచర్, నోట్సుల ఎక్కించుకుంటం' అన్నడు. 'పరీక్షల వస్తదా?' అని శ్రీజ. షాహబాజ్ అయితే తెల్లారే సుచిత్ర చౌరస్తా కాడి దుకాణంల థర్మాకోల్ అగ్నిపర్వతం కొనుక్కొచ్చి నా ముంగట పెట్టిండు. మేడ్చల్ల అగ్నిపర్వతం యాడుందిరా అంటే, 'గోదాముల ఎనుక ఉండొచ్చు టీచర్, మనం పోయి సూడలే గదా' అన్నడు!

నవ్వుతున్నరా? నేను గూడ నవ్విన.

కానీ వాళ్ల తప్పేముంది సార్? ఏడేండ్లు నోరు మూసుకొని రాసుకోమన్నం. ఎనిమిదో ఏట ప్రశ్న అడగమంటే యాడికెళ్లి తెస్తరు?

నాలుగో దినం సుమేరా చెయ్యెత్తింది. ఎనుక బెంచీల గోడకానుకొని కూసుంటది సూడండి, ఆ పిల్ల. 'క్లాసు నడుస్తుంటె పనికని ఎవరు ఎవరిని బయటికి పిలుస్తున్నరో రాద్దామా టీచర్?' అన్నది.

మస్తుంది బిడ్డా, రాయుండ్రి అన్న.

ఇగ అంతే! పది దినాలు గడియారం ఇడిసిపెట్టలె. బోర్డు మీద రాయమన్న అన్వేషే తలుపు కాడ కావలి. 'టీచర్, భవిత పోయింది, పదకొండు పది!' అని ఒకటే కేకలు. పరీక్షల వస్తదా అని మల్ల ఒక్కరు అడిగితే ఒట్టు.

సూడండి, ఏ పంతులు పిలిస్తే ఎవరు పోయిన్రో పేర్లతో రాసిన్రు. స్టాఫ్‌రూం ఊడ్సుడు, చాయ్ గ్లాసులు కడుగుడు, వచ్చినోళ్లకు బొట్టుపెట్టి పూలిచ్చుడు. ఆడపిల్లలకు ఎనిమిదొందల అరవై నిమిషాలు. మగపిల్లలకు తొంభై. ఆ తొంభై గూడ మీకు సమోసాలు తేనీకె, తెచ్చే తొవ్వల రెండు తిననీకె.

ఆడపిల్లలు పని నేర్చుకుంటరంటరా? మగపిల్లలు నేర్చుకోవద్దా మరి? గ్లాసు కడిగితే వాళ్ల చేతులు అరుగుతయా?

ఏందీ? దీని బదులు అగ్నిపర్వతం పెడుదమా? ఔ సార్, అదే మంచిది. ఎన్నటికీ పేలదు.

నవ్వులాట కాదు సార్. ఈ కింది మూలకు సుమేరా ఏం రాసిందో సదవండి. 'నాకు దిమాక్ లేదనుకున్న. ఐదో పీరియడ్ మొదట్ల సారు కొత్త లెక్క చెప్తడు. దినాం ఆ టైంకు నేను నీళ్ల నల్ల కాడున్న.'

లెక్కల బాలేష్ సారు ఆ పిల్లను మొద్దు అంటడు. వాళ్లమ్మ జుబేదా గూడ అదే నమ్మింది. సదువు అబ్బుతలేదు, ఈ నెలాఖరుకు బడి మాన్పించి కుట్టుమిషన్ కాడ కూసోబెడత అన్నది. బతిమాలి రేపు రమ్మన్న. నీ బిడ్డ మొద్దు కాదమ్మా అని సూపియ్యనీకె నా తాన ఈ చార్టు తప్ప ఏముంది?

ఎందుకట్ల సూస్తున్నరు? ఆ నల్ల కాడ కడిగింది మీ గ్లాసులేనా అనా?

కాదు సార్. మీ చాయ్ పదకొండుకు. ఐదో పీరియడ్ అన్నం తిన్నంక.

అందరి పేర్లున్నయి, మీ పేరు లేదేంది మేడం అని మీరు అడగలె. ఉండె సార్. నా టిఫిన్ డబ్బా. దినాం సుమేరాకే ఇస్త. 'జర కడగవా నా తల్లీ' అంట. ముద్దుగ అడిగితే అది పని కాదనుకున్న. పొద్దుగాల ఇంట్ల పదకొండు గిన్నెలు తోమి బస్సెక్కుత. పన్నెండోదానికి చేతులు రాలె. ఇంకో ఆడపిల్ల చేతులు కనబడ్డయి.

మీ గదిలకు తెచ్చేముంగట నా పేరున్న వరుస మీద తెల్లకాయితం అంటించిన. సుమేరా పక్కనే ఉండె. తానే గమ్ము సీసా అందిచ్చింది.

నోరు తెరిపియ్యనీకె నాలుగు దినాలు పట్టింది సార్. మూయనీకె జానెడు కాయితం సాలింది.

ఇగో, పీకుతున్న. చార్టు చినుగుతది, జర ఆ కొస పట్టుకోండి.

అట్ల కాదు సార్. చెయ్యి మీ వరుస మీద పెట్టకండి. కనబడాలె.